అమ్మ జ్ఞాపకాలు పిల్లల కోసం దాచాలి: రాయాలా, ఆడియో తీయాలా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లకాగితం:

అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా మనసులో తిరుగుతున్న విషయం, ఇలాంటి పని చేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటారని అడుగుతున్నా. మా అమ్మకి 78 ఏళ్ళు. ఆరోగ్యం బాగానే ఉంది, జ్ఞాపకశక్తి మా అందరికన్నా గట్టిది. తన చిన్నతనం, చదువు మధ్యలో ఎలా ఆగిపోయింది, నాన్నగారి ఉద్యోగం పోయిన రోజుల్లో ఇల్లు ఎలా నెట్టుకొచ్చింది, ఇవన్నీ పనుల మధ్యలో ముక్కలు ముక్కలుగా చెప్తూ ఉంటుంది. అవి మా పిల్లలకి, వాళ్ళ పిల్లలకి కూడా అందాలని నాకు చాలా కోరికగా ఉంది.

కానీ పనిగట్టుకుని కూర్చుని "అమ్మా నీ జీవితం గురించి చెప్పు, రాస్కుంటా" అంటే మాత్రం "ఏముందే చెప్పడానికి, అందరిలాగే నేనూ, చదివినంత చదివాం, మిమ్మల్ని పెంచాం" అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఫోన్ ముందు పెడితే ఇంకా బిగుసుకుపోతుంది, మాటలు పుస్తకంలో చదివినట్టు వస్తాయి.

రాయడం మంచిదా ఆడియో మంచిదా? అమ్మ చేత ఎలా మాట్లాడించాలి? ఇవాళ సేవ్ చేసింది యాభై ఏళ్ళ తర్వాత తెరుచుకోవాలంటే ఏం చేయాలి? ఇంకో విషయం, నాన్నగారు ఇప్పుడు లేరు, ఆయన గొంతు ఉన్న పాత క్యాసెట్లు కొన్ని ఉన్నాయి, ప్లే చేస్తే పాడైపోతాయేమోనని భయమేసి ముట్టుకోలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గోడగడియారం:

ముందు ఆడియో తీయండి, రాయడం దాని మీద ఎప్పుడైనా చేస్కోవచ్చు. గొంతు పోతే మళ్ళీ రాదు.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో 1936 నుంచి 1938 దాకా ప్రభుత్వం రచయితల్ని ఇంటింటికీ పంపి, ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్ళ చేత వాళ్ళ కథలు చెప్పించి రాయించింది. 2,300 పైగా కథనాలు కాగితం మీద మిగిలాయి, అది మామూలు సంపద కాదు. కానీ వాటిలో చాలావరకు అడిగినవాళ్ళు నోట్సు రాస్కుని తర్వాత కూర్చుని రాసినవి. ఏ మాట ఎలా పలికారో, ఎక్కడ ఆగారో, ఎక్కడ నవ్వారో అంతా రాసినవాళ్ళ చేతిలోంచి వచ్చిందే. అలా బతికినవాళ్ళ గొంతులతో అక్కడి జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జనానికి వినిపిస్తున్న రికార్డింగులు చూస్తే 23 మందివి, అన్నీ కలిపి ఏడు గంటలు కూడా లేవు. ఆ కాసేపు వింటే అన్ని వేల పేజీల్లో దొరకనిది తెలుస్తుంది. మీ అమ్మగారు ఇవాళ మీ ఎదురుగా కూర్చుని ఉన్నారు, మీ చేతిలో రికార్డర్ ఉంది, ఇంతకన్నా ఏం కావాలి.

ఇక మాట్లాడించడం సంగతి. "నీ జీవితం చెప్పు" అంటే ఎవరూ చెప్పలేరండీ, నన్నడిగినా అంతే. ప్రశ్న మరీ పెద్దది. చిన్నది అడగండి, కంటికి కనిపించేది అడగండి. ఉదాహరణకి అమ్మగారు చిన్నప్పుడు ఉన్న ఇల్లు తీస్కోండి, ఒక తెల్ల కాయితం, పెన్సిలు చేతికిచ్చి "వీధి తలుపు తీసి లోపలికొస్తే ముందు ఏం కనిపించేది" అని అడగండి. గీతలు గీస్తూ "ఇది ముందు గది, ఇక్కడ మా తాతయ్య మంచం, ఈ మూల ఎవరూ కూర్చునేవాళ్ళం కాదు" అంటారు. ఎందుకు కూర్చునేవాళ్ళు కాదు అని మీరు అడుగుతారు, అక్కడ మొదలవుతుంది చూడండి అసలు కథ. చెయ్యి పనిలో ఉంటే ఫోన్ సంగతి వాళ్ళు మర్చిపోతారు కూడా. అలాగే పాత ఫోటోలు. ఒక్క ఫోటో ముందు పెట్టి "ఈ ఫోటో తీసే ముందు ఏం జరిగింది, తీసినాయన ఎవరు, ఇందులో లేనివాళ్ళు ఎవరు" అని అడిగితే చాలు.

పెద్దవాళ్ళకి పదేళ్ళ వయసు నుంచి ముప్ఫై లోపు జరిగినవి మిగతా జీవితం కన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెప్తున్నారు. అందుకని అక్కడ మొదలుపెట్టండి: బడి, స్నేహితురాళ్ళు, మొదటిసారి ఒంటరిగా చేసిన ప్రయాణం, మొదటిసారి తన చేతికొచ్చిన డబ్బు. కష్టమైన సంగతులు మీరు అడగక్కర్లేదు, అమ్మగారికి చెప్పాలనిపించినప్పుడు అవే వస్తాయి.

ఇంకొకటి, ఒకేసారి గంటలు గంటలు కూర్చోబెట్టొద్దు. స్టోరీకార్ప్స్ అని 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో చిన్న గదితో మొదలైన సంస్థ ఉంది. ఒకరినొకరు ఎరిగిన ఇద్దర్ని అలాంటి గదిలో కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డ్ చేస్తారు, వాళ్ళు పెట్టుకున్న టైము 40 నిమిషాలు. అది చాలా సరైన కొలత అని నా అభిప్రాయం. ఆ తర్వాత చెప్పేవాళ్ళు అలిసిపోతారు, వినేవాళ్ళ బుర్రా పనిచేయదు. ఒకసారి కూర్చుంటే ఒకే సంగతి, అంతే.

పాతటేపు:

టెక్నికల్ సంగతులు నేను చెప్తా.

ముందు నాన్నగారి క్యాసెట్లు. భయపడాల్సిందే కానీ భయపడి ఊరికే ఉంచేస్తే కూడా పాడవుతాయి, అదే అసలు సమస్య. టేపు మీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు కాలం గడిచేకొద్దీ బలహీనపడుతుంది. వీలైనంత త్వరగా ఆ పని ముందు పెట్టుకోండి, అమ్మగారి రికార్డింగు పక్కన నడుస్తూ ఉండనీయండి. క్యాసెట్ పైఅంచున వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, అవి ఉంటే విరిచేయండి, అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా నాన్నగారి గొంతు మీద ఇంకోటి పడదు. కిటికీలోంచి టేపు మీద తెల్లగా బూజులాంటిది కనిపిస్తే మాత్రం ప్లేయర్లో పెట్టొద్దు, టేపులు బాగుచేసేవాళ్ళకి ఇవ్వండి. బాగానే ఉంటే ముందు ఇంకో పనికిరాని క్యాసెట్ వేసి ప్లేయర్ టేపు నమలట్లేదని చూస్కోండి, తర్వాత అసలుదాన్ని ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి వెనక్కి తిప్పి అప్పుడు ప్లే చేయండి. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డ్ చేయొద్దు, గదిలో చప్పుడంతా ఎక్కుతుంది. ప్లేయర్ నుంచి వైరు కంప్యూటర్లో బయటి ఆడియో తీసుకునే సాకెట్ లైన్ ఇన్‌కి పెట్టి ఆడాసిటీ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తీస్కోండి. 90 నిమిషాల క్యాసెట్‌కి 90 నిమిషాలూ పడుతుంది, తొందరపెట్టే మార్గం లేదు. మొదటిసారి ప్లే చేసేటప్పుడే రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి, ఎందుకంటే ఆ టేపుకి అదే ఆఖరిసారి కావచ్చు. కాపీ అయ్యాక కూడా క్యాసెట్ పారేయొద్దు.

ఇప్పుడు అమ్మగారి రికార్డింగ్. ఫోన్ చాలు, కొత్తది ఏదీ కొనక్కర్లేదు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా మంచి మాట చెప్పేటప్పుడు కాల్ వస్తుంది. బల్ల మీద నేరుగా కాకుండా మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి, చెయ్యి తగిలినప్పుడల్లా దడదడ వినిపించకుండా. నోటికి మూరెడు దూరంలో ఉండాలి. ఫ్యాన్ ఆపండి, మనకి అలవాటైపోయి వినిపించదు కానీ రికార్డింగ్‌లో మొదట్నుంచి చివరిదాకా అదే హోరు. పరుపు, కర్టెన్లు ఉన్న గదైతే గొంతు ప్రతిధ్వని లేకుండా వస్తుంది. ఒక నిమిషం తీసి ఇయర్‌ఫోన్స్‌లో విని అప్పుడు అసలుది మొదలుపెట్టండి.

రికార్డర్ సెట్టింగ్స్‌లో వేవ్ (WAV) ఫార్మాట్, అంటే గొంతుని కుదించకుండా దాచేది, ఉంటే అదే పెట్టండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతతో, మోనోలో (ఒకే ఛానెల్) గంటకి 500 ఎంబీ పైచిలుకు వస్తుంది, ఇవాళ్టి రోజుల్లో అదేం పెద్ద సైజు కాదు. వేవ్ లేకపోతే ఫోన్ ఏది ఇస్తే అదే ఉంచండి. దాన్ని మళ్ళీ ఎంపీత్రీ చేసి, అది ఎడిట్ చేసి మళ్ళీ ఎంపీత్రీ చేసి, అలా మాత్రం వద్దు, మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది. ఒరిజినల్ ముట్టుకోకుండా పక్కన పెట్టి కాపీ మీద పని చేయండి. వాట్సాప్‌లో చుట్టాలకి పంపాలంటే ఆ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

యాభై ఏళ్ళ సంగతి అడిగారు కదా. యాభై ఏళ్ళు గ్యారంటీగా ఉండే డబ్బా ఏదీ లేదు. హార్డ్ డిస్క్ పోతుంది, పెన్ డ్రైవ్ ఏళ్ళ తరబడి వాడకుండా పెడితే అందులో డేటా చెరిగిపోవచ్చు, క్లౌడ్ అకౌంట్ పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిస్తే వాళ్ళతోనే పోతుంది. అందుకే మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లో. మీ అన్నయ్య దగ్గరో చెల్లి దగ్గరో ఒకటి ఉంచండి. కొన్నేళ్ళకోసారి తెరిచి చూసి కొత్తదాంట్లోకి మార్చే బాధ్యత ఎవరిదో ఇంట్లో ఒకరి పేరు అనుకోండి, ఎందుకంటే అందరి బాధ్యత అంటే ఎవరిదీ కాదు.

నిదానంగానే:

అమ్మా తెల్లకాగితం, నేను మీ అమ్మగారి వయసు దాన్నే, అటువైపు నుంచి ఒక మాట చెప్తాను.

"ఏముంది చెప్పడానికి" అని మేం అనేది నిజంగా ఏమీ లేక కాదు. ఒకటి, మా బతుకులో ఎవరికైనా పనికొచ్చేది ఉందని మాతో ఎప్పుడూ ఎవరూ అనలేదు. రెండు, చెప్తే వేరేవాళ్ళ సంగతులు కూడా బయటికొస్తాయి, ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది ఇప్పుడు ఫోన్లో పెట్టడం ఎందుకని ఉంటుంది. మూడోది పిల్లలు ఆలోచించరు: మేం చెప్పేటప్పుడు మీరు మొహంలో జాలి చూపిస్తే మాకు అక్కడే నోరు మూతపడుతుంది. మేం ఆ రోజులు దాటొచ్చాం, గర్వంగా చెప్పుకుందామని చూస్తుంటే మీరు "అయ్యో పాపం" అంటారు. అలా కాకుండా "అప్పుడు ఏం చేశావు, ఎలా చేశావు" అని అడుగు. చేసింది అడిగితే చెప్పబుద్ధేస్తుంది.

మా మనవరాలు నా దగ్గర ఇలాగే అడిగి రాయించింది. నాకు మాట్లాడటం కన్నా రాయడం ఇష్టం, ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇంకా బాగా గుర్తొస్తాయి. మీ అమ్మగారికి కూడా రాయడం అలవాటుంటే ఒక లావుపాటి నోట్‌బుక్ ఇచ్చి చూడు. పుట్టిన రోజు నుంచి వరసగా రాయమనకు, అలా మొదలుపెడితే నాలుగో పేజీకే విసుగొస్తుంది. ఏ రోజు ఏది గుర్తొస్తే అది, ఒక్కో సంగతికి కొత్త పేజీ, వరస తర్వాత మీరు పెట్టుకోవచ్చు. కాయితానికి ఒకవైపే రాస్తే వెనక సిరా కనిపించదు, స్కాన్ తీసినా శుభ్రంగా వస్తుంది. నాకు చేతి వణుకు ఉంది, అక్షరాలు వంకరపోతాయి, మనవరాలు అవే కావాలంది.

మధ్యలో నేను ఆగితే ఆ పిల్ల ఏమీ అనేది కాదు. ఇంకో ప్రశ్న వేసేది కాదు, ఊరికే కూర్చునేది. కాసేపటికి నేనే ఎత్తుకునేదాన్ని, అప్పటిదాకా ఎవరితోనూ అనని మాటలు అలా వచ్చాయి. మీరు కూడా ఆగండి తల్లీ. నిశ్శబ్దంగా ఉంది కదా అని వెంటనే నింపేయకండి.

తెల్లకాగితం:

అమ్మా మీ మాటలు చదువుతుంటే కళ్ళు చెమర్చాయి, చాలా థ్యాంక్స్. గోడగడియారం గారు, పాతటేపు గారు మీకు కూడా. ఇంటి బొమ్మ గీయించే ఐడియా అన్నయ్యకి చెప్తే ఎగిరి గంతేశాడు, క్యాసెట్లు తనే చూస్కుంటానన్నాడు.

ఇంకో రెండు డౌట్లు. అమ్మ చెప్పేవాటిలో కొన్ని సంవత్సరాలు కలవట్లేదు. ఒక సంఘటన పెద్దమ్మ వేరేలా చెప్తుంది, అమ్మ వేరేలా. ఏది నిజమో తేల్చి రాయాలా? అలాగే బతికున్న చుట్టాల గురించి చేదు విషయాలు కూడా వస్తున్నాయి, అవి రికార్డింగ్‌లోంచి తీసేయాలా?

కిటికీపక్కన:

నేను మౌఖిక చరిత్ర (మనుషుల నోటితో చెప్పించి సేకరించే చరిత్ర) మీద పనిచేసేవాళ్ళతో కొంతకాలం పనిచేశాను కాబట్టి చెప్తున్నా. అమ్మగారు మాట్లాడేటప్పుడు మాత్రం సరిచేయొద్దు. "కాదమ్మా అది ఆ సంవత్సరం కాదు" అన్నారంటే ఆ తర్వాత ప్రతి మాటకీ మీ మొహం చూసి చెప్తారు, కథ ఆగిపోయి పరీక్ష మొదలవుతుంది.

ఇటలీలో టెర్ని అని ఉక్కు కార్మికుల ఊరు. అక్కడ 1949లో ఒక నిరసనలో లూయీజీ ట్రాస్టుల్లి అనే యువ కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. నాటో అనే సైనిక కూటమిలో ఇటలీ చేరడానికి వ్యతిరేకంగా జరిగిన నిరసన అది. చాలా ఏళ్ళ తర్వాత అలెస్సాండ్రో పోర్టెల్లి అనే పరిశోధకుడు అక్కడి జనాన్ని అడిగితే, చాలామంది అతను 1953లో, ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేసినప్పుడు జరిగిన గొడవల్లో చనిపోయాడని చెప్పారు. తేదీ తప్పే. కానీ పోర్టెల్లి దాన్ని తప్పు అని పక్కన పడేయకుండా అంతమంది ఒకేలా ఎందుకు మార్చి గుర్తుపెట్టుకున్నారని ఆలోచించాడు. వాళ్ళ జీవితాల్ని నిజంగా తలకిందులు చేసింది ఆ ఉద్యోగాలు పోవడం, ఆ మనిషి చావుకి తగినంత పెద్ద కారణం అక్కడే ఉందని జ్ఞాపకం దాన్ని అక్కడికి జరుపుకుంది. మీ అమ్మగారు, పెద్దమ్మగారు వేరు వేరుగా చెప్తున్నారంటే ఆ సంఘటన ఇద్దరికీ వేరు వేరుగా తగిలిందన్నమాట. ఇద్దరివీ తీయండి, విడివిడిగా తీయండి, ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే గట్టి గొంతు ఉన్నవాళ్ళదే మిగులుతుంది. రాసేటప్పుడు పక్కన చిన్న నోట్ పెట్టండి, స్కూల్ సర్టిఫికెట్‌లో ఫలానా సంవత్సరం ఉంది అని. అమ్మగారి మాట మాత్రం మార్చొద్దు.

చేదు విషయాలు. ఇది మీరు నిర్ణయించేది కాదండి, అమ్మగారు నిర్ణయించాలి. ప్రతి రికార్డింగ్ అయ్యాక అడగండి: ఇది ఎవరు వినొచ్చు, ఇప్పుడా, కొన్నాళ్ళయ్యాకా, అసలు ఎవరూ వద్దా. ఆ జవాబు కూడా రికార్డ్ చేయండి. ఆర్కైవుల్లో (పాత పత్రాలు, రికార్డింగులు దాచే చోట్లలో) కూడా ఫలానా సంవత్సరం దాకా తెరవకూడదు అని రాసి పెట్టే పద్ధతి ఉంది, మనమూ అదే చేయొచ్చు, ఆ భాగాన్ని వేరే ఫైల్ చేసి వేరే ఫోల్డర్‌లో పెడితే సరిపోతుంది. తుడిచేయమంటే తుడిచేయండి, దాచిపెట్టి తుడిచేశానని చెప్పొద్దు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టే ముందు మాత్రం ఆమెకి వినిపించి మరీ అడగండి, ఒక్కసారి గ్రూపులో పడితే అది మన చేతిలో ఉండదు.

అఆలపెట్టె:

రాతలోకి ఎక్కించడం గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు కాబట్టి నేను. గంట ఆడియో పూర్తిగా టైప్ చేయాలంటే నాలుగైదు గంటలు ఇట్టే అయిపోతాయి, అందుకే చాలామంది మొదటి రికార్డింగ్ దగ్గరే ఆగిపోతారు. మీరు ముందు పూర్తిగా టైప్ చేయొద్దు. విషయసూచికలా రాయండి: 4వ నిమిషం దగ్గర ఇంటి ముందు గది, 11 దగ్గర తాతయ్య జబ్బు, 23 దగ్గర బడి మానేసిన రోజు, ఇలా. ఇది లేకపోతే ఆ ఆడియోని మీ మనవలు తెరవరు, ఎన్ని గంటలున్నా ఏది ఎక్కడుందో తెలియకపోతే లేనట్టే. సూచిక అయ్యాక బాగా నచ్చిన భాగాలు మాత్రం అక్షరం అక్షరం టైప్ చేయండి. వాయిస్ టైపింగ్ తెలుగుకి పనిచేస్తుంది, మొదటి డ్రాఫ్ట్‌కి వాడుకోండి, కానీ పెద్దవాళ్ళ మాట, యాస, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు అది ఇష్టమొచ్చినట్టు రాస్తుంది, ఆడియో వింటూ సరిచూడాల్సిందే. పేర్లు అమ్మగారినే అడిగి ఇప్పుడే ఖాయం చేస్కోండి, వరసలతో సహా. "చిన్నాన్న" అంటే ఏ చిన్నాన్నో ఇవాళ మీకు తెలుసు, మీ మనవరాలికి తెలీదు.

యాసని పుస్తక భాషలోకి దిద్దొద్దు. అమ్మగారు "పోయినాం" అంటే "వెళ్ళాము" అని రాయకండి, చదివేటప్పుడు ఆమె గొంతు వినిపించాలి కదా.

టైప్ చేసేది, ఏ కంప్యూటరైనా ఫోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి యూనికోడ్‌లోనే ఉండాలి, ఇది చాలా ముఖ్యం. అచ్చు పనికి వాడిన పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు ఫైళ్ళు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అది చూసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. ఫోన్ కీబోర్డులో టైప్ చేసేదంతా యూనికోడే కాబట్టి భయం లేదు. పూర్తయ్యాక మామూలు టెక్స్ట్ ఫైల్ ఒకటి, పీడీఎఫ్‌లో దీర్ఘకాలం దాచడానికే చేసిన పీడీఎఫ్-ఏ అనే రకం ఉంది, అది ఒకటి ఉంచండి, అందులో ఫాంటు ఫైల్ లోపలే ఉంటుంది. ఒక ప్రింటు కూడా తీసి బైండ్ చేయించండి, ఆమ్లం లేని కాయితం దొరికితే దాని మీద. కాయితం తెరవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఫైల్ పేర్లు "కొత్త రికార్డింగ్ 17" అని వదిలేయొద్దు. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, తర్వాత ఎవరు, ఏ సంగతి. అలా పెడితే ఫోల్డర్లో వాటంతటవే వరసలో ఉంటాయి. రికార్డింగ్ మొదట్లో మీ గొంతుతో ఇవే చెప్పండి, ఇవాళ ఫలానా తేదీ, నేను ఫలానా, మా అమ్మ ఫలానా, అని. ఫైల్ పేరు ఎవరైనా మార్చేసినా లోపల గొంతు చెప్తుంది.

ఫోటోల వెనక రాయాలంటే బాల్‌పెన్ వద్దు, నొక్కుడు ముందు వైపుకి తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాయండి.

తెల్లకాగితం:

ఎంత ఓపికగా రాశారండీ అందరూ. అన్నీ కాపీ చేస్కుని అన్నయ్యకి పంపాను. ఇంటి బొమ్మ గీయమని కాయితం ఇచ్చా, మొదట "నాకు బొమ్మలు రావే" అంది, తర్వాత పెన్సిల్ లాక్కుని బావి ఎక్కడుందో, బావి దగ్గర రాయి ఎటు వంగి ఉండేదో కూడా గీసింది. ఆ రాయి మీద కూర్చునే చదువుకునేదట! ఇది మాకెవరికీ తెలీదు.

ఒక్క చిన్న సమస్య. తర్వాత కాస్త వినిపిస్తే "ఇది నా గొంతు కాదు, ఇంత సన్నగా ఉంటుందా నా గొంతు" అని మొహం చిట్లించుకుంది, ఇంక రికార్డ్ చేయొద్దు అంటుందేమోనని దిగులుగా ఉంది. వినిపించడం ఆపేయాలా?

గోడగడియారం:

అందరికీ అలాగే ఉంటుందండీ, దిగులు పడకండి. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకి గాలిలోంచే కాకుండా తల ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, అందుకే లోపల బరువుగా ఉంటుంది, రికార్డింగ్‌లో ఆ భాగం ఉండదు కాబట్టి సన్నగా అనిపిస్తుంది. ఇదే అమ్మగారికి చెప్పండి, మేం రోజూ వినే గొంతు ఇదేనమ్మా అనండి. రోజూ వినిపించక్కర్లేదు, తను అడిగినప్పుడు, ఇతరులకి పంపే ముందు వినిపిస్తే చాలు. వినిపించేటప్పుడు కూడా మొత్తం కాకుండా తను నవ్విన చోటు ఏదైనా ఉంటే అక్కడ పెట్టండి. ఈసారి ఆ బావి రాయి మీద కూర్చుని ఏం చదివేదో అడగండి, పుస్తకాలు ఎవరు తెచ్చి ఇచ్చేవాళ్ళో కూడా.